పాత అల్యూమినియం పడవకు మాట్లు వేయడం

మిషిగన్‌లోనో మిన్నెసోటాలోనో ఉండే మనవాళ్ళకు చెరువు పెద్ద దూరం కాదు. కొన్ని వందల డాలర్లకే పద్నాలుగు అడుగుల పాత అల్యూమినియం పడవ, ట్రెయిలర్‌తో సహా, ఎవరి పెరట్లోనో దొరుకుతుంది. అమ్మేవాడు "కాస్త చెమ్మ వస్తుంది, అంతే" అంటాడు. కొన్నవాడు తిన్నగా హార్డ్‌వేర్ షాపుకెళ్ళి సీలెంట్ ట్యూబు తెచ్చి, కనిపించిన ప్రతి రివిట్ (రేకుల్ని కలుపుతూ కొట్టి బిగించిన లోహపు మేకు) తలకీ పూస్తాడు. ఒక సీజన్ గడుస్తుంది. మరుసటి ఏడు అదే చోటా, ఇంకో నాలుగు చోట్లా కారుతుంది. అక్కడ రేకు కదులుతోంది కాబట్టి. ఆ కదలిక ఆగనిదే కారడం ఆగదు.

ఈ పడవల పుట్టుక విమానాల షెడ్డులో. గ్రమ్మన్ విమానాల కంపెనీ 1945లో అల్యూమినియం కనూలు మొదలుపెట్టింది, యుద్ధవిమానాలకు రేకులు అతికిన పద్ధతిలోనే. పల్చటి రేకు, లోపల అడ్డంగా పక్కటెముకలు, కింద పొడుగునా కీల్, వాటన్నిటినీ కలిపి పట్టే రివిట్లు. రేకు మందం మామూలుగా 0.050 నుంచి 0.080 అంగుళాలు, అంటే 1.3 నుంచి 2 మిల్లీమీటర్లు. మన ఇళ్ళలో సిల్వర్ గిన్నె అంటామే, ఆ లోహమే. అల కొట్టినప్పుడు రేకు కాస్త వంగి లేస్తుంది, లేవాలి కూడా. ఆ వంపును ఒక్కచోట నిలవనీయకుండా వరుసంతా పంచుకునేవి రివిట్లు. ఒకటి వెంట్రుకవాసి వదులైతే దాని వాటా పక్కదాని మీద పడుతుంది. రెండు రేకులూ ఒరుసుకుని గుండ్రటి చిల్లు కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. ఇక ఆ రివిట్‌ను ఎంత కొట్టినా బిగవదు.

వదులవడానికి మామూలు కారణాలు నాలుగు. ట్రెయిలర్ మీద పడవ ఆనే దుంగలు పొట్టివై పడవ వెనక గోడ, అంటే ట్రాన్సమ్, గాల్లో వేలాడటం. ఆ గోడలోని ప్లైవుడ్ కుళ్ళి మోటారు ఊగడం. పక్కటెముక విరిగి ఉండటం. పడవ తాహతుకు మించిన మోటారు బిగించడం. రాయి తగలడం కూడా ఉందనుకోండి, కానీ అది ఒక్కచోట సొట్టతో పోతుంది. వరుసలకు వరుసలు కారుతుంటే ఈ నాలుగింటిలో ఒకటి వెతకండి.

కారేది ఎక్కడ

ముందు లోపలంతా ఖాళీ చేయాలి. కార్పెట్, ప్లైవుడ్ డెక్కు, దాని కింది నురగ, అన్నీ బయటికి. తడి నురగ రేకును అంటుకుని ఉన్నచోట తెల్లటి పొడి, దాన్ని గీకితే సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి. గాలి తగిలితే అల్యూమినియం తనంతట తానే సన్నటి ఆక్సైడ్ పొర కట్టుకుని నిలుస్తుంది. తడి ఆరని చోట ఆ పొర తిరిగి కట్టుకోదు. దశాబ్దాలు చెరువునీళ్ళలో నిలిచిన రేకు తడి కార్పెట్ కింద చిల్లు పడేది ఇందుకే. మూలల్లో చిక్కుకున్న నాణేలు, సీసపు గుండ్లు, ఇత్తడి స్క్రూలు ఏరేయండి. 1982కు ముందరి అమెరికా సెంటు నాణెంలో 95 శాతం రాగి. తడిలో రాగి, అల్యూమినియం తాకుతూ ఉంటే అదో చిన్న బ్యాటరీ, కరిగిపోయేది అల్యూమినియమే. రాగి కలిసిన అడుగు పెయింట్లు వద్దనేదీ ఇందుకే.

నురగ తీసేస్తే మళ్ళీ పెట్టి తీరాలి. ఇరవై అడుగుల లోపు పడవ నీళ్ళు నిండినా మునగకుండా ఉండటానికే అది ఉంది. ఘనపుటడుగు నురగ దాదాపు 60 పౌండ్లను తేలుస్తుంది. ఇళ్ళ గోడల్లో వాడే నీలం, గులాబీ రంగు పాలీస్టైరీన్ పలకలు కోసి పెట్టుకోవచ్చు. పెట్రోలు తగిలితే కరిగిపోతాయి కాబట్టి ట్యాంకు దరిదాపుల్లో మాత్రం వద్దు.

ఇప్పుడు నీళ్ళ పరీక్ష. పడవను ట్రెయిలర్ మీదే ఉంచి లోపల నీళ్ళు పోసి, కింద పడుకుని చూడటం. ఎంత పోయాలన్నది లెక్క చూసుకోండి. పద్నాలుగు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పున మూడంగుళాల నీళ్ళంటే 14 ఘనపుటడుగులు, ఇంచుమించు 870 పౌండ్లు. బయటినుంచి నీటి దన్ను లేకుండా అంత బరువు మోయడానికి ఆ రేకును చేయలేదు. పరీక్షతోనే కొత్త కారుళ్ళు తెచ్చుకున్నట్టవుతుంది. రివిట్ల వరుస మునిగేలా అంగుళమో అంగుళమున్నరో చాలు. ముక్కు ఎత్తి వెనక సగం ఒకసారి, దించి ముందు సగం ఒకసారి చూడండి. చుక్క పడేచోట మార్కర్‌తో సున్నా, ధార కట్టేచోట అడ్డగీత. కీల్ దగ్గర మాత్రం ఈ గుర్తుల్ని నమ్మకండి. కీల్‌కూ రేకుకూ మధ్య దూరిన నీరు రెండు మూడడుగులు పాకి మరెక్కడో బయటపడుతుంది. అలాంటిచోట పరీక్షనే తిరగేయాలి, నీళ్ళు బయట ఉండాలి. లోపల బాగా ఆరనిచ్చి, కీల్ పొడుగునా టాల్కం పౌడర్ చల్లి పడవను నీళ్ళలో దించితే మొదట తడిసే రివిట్ ఏదో పౌడరే చూపిస్తుంది.

నీళ్ళు లేకుండానే పట్టుకోగల గుర్తు ఇంకోటుంది. రివిట్ తల చుట్టూ నల్లటి వలయం, దాన్నుంచి వెనక్కి సాగిన మసిచార. విమానాల మెకానిక్కులు పొగ వదిలే రివిట్ అంటారు. ఒరిపిడికి రాలిన అల్యూమినియం పొడి అది. తల అంచు మీద వేలిగోరు ఆన్చి, అవతలినుంచి ఇంకొకరిని చిన్న సుత్తితో తట్టమనండి. బిగువైన రివిట్ అయితే రేకంతా ఒక్కటిగా అదురుతుంది, వదులైంది గోరుకింద విడిగా చిటుక్కుమంటుంది.

రివిట్ పని

వదులైన ప్రతి రివిట్‌నూ పీకనక్కర్లేదు. తల పగలకుండా, చిల్లు గుండ్రంగానే ఉంటే మళ్ళీ బిగించవచ్చు. బయట తల మీద ఒకరు మూడు నాలుగు పౌండ్ల ఇనుప దిమ్మ గట్టిగా ఆనించి పట్టుకోవాలి. లోపల తోక (కొట్టి చదును చేసిన కొస) మీద ఇంకొకరు గుండు సుత్తితో కొట్టాలి. రెండు దెబ్బలు, మహా అయితే మూడు. అప్పటికీ బిగవకపోతే ఆపి, కొత్తది వేయండి. పాత రివిట్ ఇప్పటికే దెబ్బలకు గట్టిపడి ఉంటుంది, ఇంకా కొడితే తోక అంచులు చిట్లుతాయి. లేదా దాని చుట్టూ రేకు పల్చబడి ఉబ్బి, పక్క రివిట్లు కారడం మొదలెడతాయి. పని ఒక చివరనుంచి మరో చివరకు వరుసగా చేసుకుపోవద్దు. ఒకటి విడిచి ఒకటి బిగించి, తిరిగొచ్చి మిగతావి అందుకోండి.

పీకాల్సినవాటిని పీకడంలోనే చిల్లులు పాడయ్యేది. 3/16 అంగుళం రివిట్ అయితే తల నడిమధ్యన పంచ్‌తో గుర్తు కొట్టి, 5/32 బిట్‌తో తల మందం వరకే డ్రిల్లు చేయండి. తర్వాత అదే గుంటలో పంచ్ పెట్టి పక్కకు వంచితే తల టోపీలా ఊడొస్తుంది. మిగిలిన కాడను, లోపల తోక చుట్టూ చెక్క దన్ను పెట్టి, పంచ్‌తో బయటికి తోసేయాలి. అవతలిదాకా డ్రిల్లు దింపితే బిట్ పక్కకు జారి చిల్లు సాగుతుంది. అప్పుడు ఒక సైజు పెంచుకుని 1/4 రివిట్‌కు వెళ్ళడమే దారి. ఆ సైజుకైనా చిల్లునుంచి రేకు అంచు వరకు రివిట్ వ్యాసానికి రెండింతల దూరం మిగలాలి, లేకపోతే అంచే చీలుతుంది.

కొత్త రివిట్లు 5056 అనే మిశ్రమలోహపు రకం అల్యూమినియంవి కొనండి. విమానాల సామాను అమ్మేచోట ఏఎన్470 రకంలో దొరుకుతాయి, తల మీద ఉబ్బెత్తు కూడిక గుర్తు ఉంటుంది. అదే వరుసలో, తల మీద చిన్న గుంట ఉన్నవి 2117 రకం. వాటిలో రాగి పాలు ఎక్కువ, ఉప్పునీటి పడవకు పనికిరావు. 3/16 రివిట్‌కు చిల్లు 11వ నంబరు బిట్‌తో, అంటే 0.191 అంగుళం. 1/4కు ఎఫ్ బిట్.

పొడవు ఎంతుండాలి? కలిపే రేకుల మొత్తం మందానికి రివిట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు కలపండి. 0.063 రేకులు రెండు, 0.080 పక్కటెముక ఒకటి కలిస్తే 0.206. వ్యాసం 0.1875, దానికి ఒకటిన్నర రెట్లు 0.281. మొత్తం 0.487, కాబట్టి అర అంగుళం రివిట్. కొట్టాక తోక వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. 3/16కు 9/32 వెడల్పు, 3/32 ఎత్తు. ఒక రేకు ముక్కకు 9/32 చిల్లు వేసి కొలతగా పెట్టుకుంటే ప్రతి తోకనూ తాకించి చూసుకోవచ్చు.

కొట్టడానికి ఇద్దరు కావాలి. బయట తల మీద రివిట్ గన్, లోపల తోకకు దిమ్మ. మన కమ్మరి భాషలో దాగలి అనుకోండి, చేతిలో పట్టే దాగలి. 3/16కు నాలుగైదు పౌండ్లది ఉండాలి. గన్ లేకపోతే మామూలు ఎయిర్ హామరే వాడుకోవచ్చు, 0.401 కాడ ఉన్న రివిట్ సెట్ దానికి సరిపోతుంది. కాకపోతే దాని ట్రిగ్గర్ మోటు. అందుకని రెగ్యులేటర్ తగిలించి గాలిని 40 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, పాత రేకు ముక్కల మీద చేయి తిరిగేదాకా కొట్టి చూసుకోండి. రెండు మూడు సెకన్లలో తోక కూర్చోవాలి. ఆరేడు సెకన్లు పడుతుంటే గాలి తక్కువైనట్టే, లోహం సగంలోనే గట్టిపడిపోతుంది.

చెడిన రివిట్‌ను చూస్తే తప్పెక్కడో తెలిసిపోతుంది. తల మీద నెలవంక గీత పడితే గన్ వాలిందని. తోక ఒక పక్కకు ఒరిగితే దిమ్మ వాలిందనో, రివిట్ పొడుగైందనో. తోక బిళ్ళలా పల్చబడితే ఎక్కువ కొట్టారని. తోక చక్కగా ఉండీ కారుతుంటే రేకుల మధ్య సందు మిగిలిందని అర్థం. రివిట్ కాడ ఆ సందులో ఉబ్బి రేకుల్ని దగ్గరికి రానివ్వకుండా తానే అడ్డం పడుతుంది. అది రాకుండా మూడు నాలుగు చిల్లులకొక క్లీకో (రేకుల్ని తాత్కాలికంగా బిగించి పట్టే స్ప్రింగు పిన్ను) పెట్టి రేకుల్ని అణచి ఉంచాలి. 3/16వి బంగారు రంగులో వస్తాయి. డ్రిల్లు అయ్యాక ఒకసారి విడదీసి, మధ్యలో చిక్కిన తురుము తుడిచి, చిల్లుల అంచుల గరుకు తీసి, అప్పుడు సీలెంట్ పూసి కలపండి. ఈ విడదీసే పని బద్ధకించినచోటే తర్వాత కారుతుంది.

సీలెంట్ 3ఎమ్ 5200 లాంటి పాలీయూరెథేన్. పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుంది కాబట్టి రివిట్లు కొట్టేసరికి అది పచ్చిగానే ఉంటుంది, అలాగే ఉండాలి. రివిట్ కాడనూ అందులో ముంచి పెట్టండి. ఇంట్లో బాత్‌రూముకు వాడే, వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. దాన్నుంచి వెలువడే ఆమ్లం అల్యూమినియాన్ని తింటుంది. అది తగిలినచోట తర్వాత పెయింటూ పట్టదు, మరో సీలెంటూ పట్టదు.

సీటు కింద, నురగ గదుల వెనక దిమ్మ పట్టుకునే చేయి దూరదు. అలాంటిచోట ఒక పక్కనుంచే బిగించే పాప్ రివిట్ తప్పదు. మామూలుది బోలు గొట్టం, మధ్యలోంచే కారుతుంది. వెనక మూసి ఉన్న రకం అడగండి, లోపలి మేకు కూడా అల్యూమినియందో స్టెయిన్‌లెస్‌దో అయి ఉండాలి. ఇనుపదైతే అదే తుప్పు పడుతుంది. గట్టి రివిట్ అంత బలం దీనికి ఉండదు కాబట్టి కీల్ వరుసంతా వీటితో నింపేయకండి.

పగులూ మాటూ

పగులు కనిపిస్తే మొదట దాని కొస ఎక్కడో తేల్చుకోవాలి. కంటికి ఆగినట్టున్న చోటికి ఇంకాస్త అవతల ఉంటుంది. రంగు చొరబడే పెనిట్రెంట్ కిట్ స్ప్రే చేస్తే ఎర్రగీత తేలుతుంది. ఆ కొసన 1/8 అంగుళం చిల్లు వేయండి. సూదిలాంటి కొస దగ్గర పోగయ్యే ఒత్తిడి గుండ్రటి అంచు చుట్టూ పంచుకుపోతుంది, పగులు అక్కడ ఆగుతుంది.

ఆ తర్వాత మాటు. ఒకప్పుడు బిందెలకు మాట్లు వేస్తామని వీధుల్లో కేక వేసుకుంటూ వచ్చేవాళ్ళు గుర్తున్నారా, పని అదే. రేకు 5052-హెచ్32, పాతదానంత మందమో, ఒక్క గేజు ఎక్కువో. 0.050 రేకు మీద 1/8 పలక వేసి బలం వచ్చిందనుకునేవాళ్ళు చాలామంది. ఆ పలక వంగదు, చుట్టూ రేకు వంగుతూనే ఉంటుంది, రెండు మూడు సీజన్లలో మాటు అంచు వెంబడే కొత్త పగులు పుడుతుంది. మూలలు కనీసం అర అంగుళం గుండ్రం తిప్పండి. పగులు చుట్టూ రెండు వరుసల రివిట్లు, ఒక వరుసలోని రివిట్ రెండో వరుస సందుకు ఎదురుగా వచ్చేలా. 3/16 రివిట్ల మధ్య దూరం ముప్పావు అంగుళం నుంచి అంగుళం, అంచునుంచి 3/8కు తగ్గకూడదు.

విరిగిన పక్కటెముకకు 6061-టీ6 యాంగిల్, అంగుళం బై అంగుళం, 1/8 మందం, పక్కన జోడుగా వేయండి. విరిగినచోటికి అటూ ఇటూ ఆరేసి అంగుళాలు సాగాలి. చివరలు నిటారుగా కోయకుండా వాలుగా చెక్కండి, ఒక్కసారిగా ఆగిపోయిన కొస కింద రేకు పగులుతుంది. రేకు డబడబలాడుతోందని కొత్త అడ్డకమ్మీ వేసేటప్పుడూ ఇదే. దాని చివర రేకు నడిమధ్యన ఆగకూడదు, మరో పక్కటెముక మీదో కీల్ మీదో ఆనాలి. 6061-టీ6 చల్లగా వంచితే వంపు దగ్గర చిట్లుతుంది. వంపు తప్పనిసరైతే 5052 తీసుకోండి.

వెల్డింగ్ చేయించొచ్చు కదా అంటారు. అంత పల్చటి పాత రేకులో, నలభై ఏళ్ళ సీలెంటూ నూనే ఇంకిన జోడింపులో, మంచి టిగ్ (పల్చటి రేకులకు వాడే వెల్డింగ్ పద్ధతి) పనివాడికే కష్టం. వేడికి పక్కనున్న సీలెంట్ మాడి రివిట్లు వదులవుతాయి. 6061-టీ6 అయితే వేడి తగిలినమేర బలం బాగా పడిపోతుంది. రివిట్లు కొట్టిన పడవకు రివిట్లే మేలు.

గ్లవిట్ లాంటి పల్చటి ఎపాక్సీ లోపలి జోడింపుల వెంట పూయడం మంచిదే, అయితే రివిట్ పనంతా ముగిశాక. ముందే పూస్తే కదిలే రేకు మీద అది పగిలిపోతుంది. పైగా ఏ రివిట్ వదులో కనపడనివ్వదు. రేకును రుద్ది శుభ్రం చేసిన కొద్ది నిమిషాల్లోనే ఆక్సైడ్ పొర మళ్ళీ కడుతుంది కాబట్టి, ఎపాక్సీ పూసి, పచ్చిగా ఉండగానే దాని మీదే ఎమరీ కాగితంతో రుద్దితే పట్టు కుదురుతుంది. రుద్దడానికి ఇనుప తీగల బ్రష్ వద్దు, ముక్కలు రేకులో దిగి తుప్పు మచ్చలు వస్తాయి. పాత పెయింట్‌కు కాస్టిక్ సోడా అసలే వద్దు, అది రేకునే కరిగిస్తుంది. కింద పసుపుపచ్చ ప్రైమర్ కనిపిస్తే జింక్ క్రోమేట్ కావచ్చు, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. పొడిగా గీకకండి. అడుగంతా రబ్బరు కోటింగ్ కొట్టేయడం నాకు నచ్చని పని. బరువు పెంచుతుంది, కారుడును దాస్తుంది, తర్వాత బాగుచేయబోయేవాడి ఉసురు పోసుకుంటుంది.

వెనక గోడ

మోటారు కాడ కింది భాగాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ట్రాన్సమ్ రేకు అలలాడితే లోపలి ప్లైవుడ్ పోయినట్టే. మామూలుగా అది ఒకటిన్నర అంగుళాల మందం. 3/4 పలకలు రెండు ఎపాక్సీతో అతికి, పాతదాన్నే అచ్చుగా పెట్టి కోయండి. చెదలు పట్టని ప్రెషర్ ట్రీటెడ్ ప్లైవుడ్ కనిపిస్తే ఆశ పుడుతుంది, కానీ దానికి పట్టించే మందులో రాగి ఉంటుంది. ట్రాన్సమ్ రేకును లోపలినుంచి తినేస్తుంది. మెరైన్ ప్లైవుడ్ కొని అంచులతో సహా మూడు పూతలు ఎపాక్సీ పట్టించండి. బోల్టు చిల్లులు కావలసినదానికంటే 1/8 పెద్దవిగా వేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, ఆరాక అసలు కొలతలో మళ్ళీ డ్రిల్లు చేస్తే నీరు చెక్కకు చేరదు. స్టెయిన్‌లెస్ బోల్టుల కింద నైలాన్ వాషర్లు, మరలకు టెఫ్-జెల్ (రెండు లోహాలు ఒకదాన్నొకటి తినకుండా పూసే జిగురు). ఇత్తడి డ్రెయిన్ గొట్టం ఉంటే తీసి అల్యూమినియందో ప్లాస్టిక్‌దో పెట్టండి.

ఈ పనిలో ట్రాన్సమ్ కుడిచేతి వైపు పైన ఉన్న పన్నెండు అక్షరాల హల్ నంబరును (పడవ గుర్తింపు సంఖ్యను) రుద్దేయకండి. 1972 నవంబరు నుంచి తయారైన పడవలన్నిటికీ అది ఉండాలి, రిజిస్ట్రేషన్ దానిమీదే నడుస్తుంది. అసలు నంబరే లేకపోతే పడవ అంతకుముందుది కావచ్చు.

పడవను మళ్ళీ ట్రెయిలర్ ఎక్కించే ముందు దుంగలు చూడండి. వాటి చివర ట్రాన్సమ్ కిందిదాకా, వీలైతే అంగుళం అవతలికి రావాలి. రాకపోతే పొడుగు దుంగలు వేయండి, రెండు టూ-బై-ఫోర్‌ల ఖర్చు. దుంగల మీది పాత కార్పెట్ విప్పితే దాన్ని పట్టిన స్టేపుల్స్ కొన్ని తల ఎత్తి కనిపిస్తాయి, అడుగు రేకు మీద పొడుగాటి గీతలు వాటివే. స్టెయిన్‌లెస్ స్టేపుల్స్ పక్కవైపున కొట్టండి, పైన కాదు. సీలెంట్ వారం ఆరాక మళ్ళీ అంగుళమున్నర నీళ్ళు పోసి కింద పడుకోండి. మొదటిసారి పెట్టిన మార్కర్ గుర్తులు అప్పటిదాకా చెరపకండి.